శిక్షణలో పోయిన సైనికుడికి చీమకుర్తి రాయి: ఏది బాగుంది, ఎక్కడ దెబ్బతింటుంది

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అనే నల్ల రాయి వంటగట్టుకి ఎలా ఉంటుందో రాసినవాళ్లు బోలెడు మంది. మేం చూసింది వేరే పని. ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే దారిలో, చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల రాయి కోసే యూనిట్లలో సైనికుల స్మారక ఫలకాలు చెక్కుతారు. వాటిలోనూ ఒక రకం: యుద్ధంలో కాకుండా శిక్షణలో పోయిన కుర్రాడి పేరు మీద ఊళ్లో నిలబెట్టేది. ఈ పనికి రాయికి పదికి తొమ్మిది, కోతకి ఎనిమిది, తెలుగు అక్షరాలకి ఐదు వేస్తాం. ఫలకం మీద ఏం రాయాలో దుకాణంవాళ్లు చెప్పే సలహాకి మాత్రం రెండు, అదీ మొహమాటానికి.

దేని పక్కన పెట్టి ఈ మార్కులు వేశామో ముందు చెప్పాలి. స్కాట్లాండ్ ఉత్తరాన, హైలాండ్స్‌లో, సదర్లాండ్ ప్రాంతంలో బెన్ మోర్ అసింట్ అనే కొండ ఉంది. ఎత్తు 998 మీటర్లు. 1941 ఏప్రిల్ 13న కిన్‌లాస్ వైమానిక స్థావరంలోని 19వ ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్ నుంచి ఒక ఆవ్రో ఆన్సన్ విమానం నావిగేషన్ శిక్షణకి బయల్దేరి ఆ కొండ మీద కూలింది. ఉన్న ఆరుగురూ పోయారు. శత్రువు జోక్యం ఏమీ లేదు. మంచు తుపాను, విమానానికి పట్టేసిన మంచు, బలం తగ్గిన ఇంజన్, మేఘంలో కనపడని కొండ. ఆన్సన్‌కి రెండు ఇంజన్లున్నా ఒకటి నీరసిస్తే రెండోదాని మీద ఎత్తు నిలబెట్టుకోవడం కష్టం. పైగా మేఘంలో నేల కనపడనప్పుడు వేగం, దిక్కు, గడిచిన సమయం లెక్కగట్టి ఎక్కడున్నామో తేల్చుకోవాలి. గాలి అంచనా కాస్త తప్పితే లెక్కలో లోయ మీద ఉన్న విమానం నిజంగా కొండకి ఎదురుగా ఉంటుంది. మే 25 దాకా ఆ శరీరాలు దొరకలేదు. దొరికాక కిందికి దింపే వీలు లేక అక్కడే పూడ్చి, పైన రాళ్లు పేర్చారు. ఏళ్ల తరబడి వానకీ మంచుకీ ఆ గుట్ట చెదిరిపోతే, 2013లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సుమారు 600 కిలోల గ్రానైట్ ఫలకం చేయించింది. దాన్ని వైమానిక దళం చినూక్ హెలికాప్టర్‌లో పైకి చేర్చింది.

ఆ ఫలకంలో స్మారక రాయికి కావలసిన తీర్పులన్నీ ఉన్నాయి. మళ్లీ మళ్లీ ఎక్కి బాగుచేసే చోటు కాదు కాబట్టి మెత్తటి సున్నపురాయి వద్దు, గ్రానైటే కావాలి. గాలికి కదలకూడదు కాబట్టి బరువుండాలి. రంగు మీద ఆధారపడకుండా అక్షరాలు కోతతోనే కనపడాలి. మన ఊళ్లో మంచు తుపాను లేదు. దాని బదులు మే నెల ఎండ, కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా ఉప్పుగాలి, కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లు. మూడూ రాయికి శత్రువులే.

ఇక రాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ చీమకుర్తి రాయి భూగర్భశాస్త్రం లెక్కలో గాబ్రో జాతిది. బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ ఖనిజం. ఈ తేడా చదువుకి మాత్రమే కాదు, కొనేవాడికీ ముఖ్యం. మంటతో కాల్చి గరుకు చేసే ఫ్లేమ్ ఫినిష్ రాయిలో క్వార్ట్జ్ ఉంటేనే బాగా వస్తుంది. మంట తగలగానే క్వార్ట్జ్ ఉబ్బి పైపొర చిట్లుతుంది. గెలాక్సీలో ఆ సరుకు లేనంత తక్కువ కాబట్టి కాల్చినచోట పొర సరిగా ఊడదు, నలుపు పోయి బూడిద రంగు తేలుతుంది. ముందు వైపు పాలిష్, పక్కలూ వెనకా లెదర్ ఫినిష్ (తోలులా కాస్త గరుకు) అడగండి, ఫ్లేమ్ అడగొద్దు. ముందు వైపు పాలిషే ఎందుకంటే చెక్కిన చోట గాబ్రో లేత బూడిద రంగుకి వస్తుంది. చుట్టూ నల్లగా అద్దంలా ఉంటేనే ఆ బూడిద అక్షరం పది అడుగుల దూరం నుంచి కూడా చదవొస్తుంది. పాలిష్ తగ్గించి హోన్ చేస్తే చుట్టూ కూడా బూడిదే, అక్షరం మునిగిపోతుంది.

బరువు లెక్క దగ్గర పెట్టుకోండి: ఘనపుటడుగుకి దాదాపు 84 కిలోలు. కామన్వెల్త్ కమిషన్ మామూలు సమాధి రాయి కొలత 2 అడుగుల 8 అంగుళాల ఎత్తు, 1 అడుగు 3 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. అదే కొలత గెలాక్సీలో చేస్తే 70 కిలోల దగ్గర తూగుతుంది, ఇద్దరు మనుషులు ఎత్తగలరు. ఊరి మధ్యలో నిలబెట్టే 4 అడుగులు, 2 అడుగులు, 6 అంగుళాల రాయి 336 కిలోలు. దానికి చైన్ పుల్లీ, మూడు కాళ్ల స్టాండ్ తప్పవు. కొండ మీదికి వెళ్లిన ఆ 600 కిలోలు మన రాయిలో ఏడు ఘనపుటడుగులకి కాస్త ఎక్కువ.

ఎక్కువ మంది దెబ్బతినేది మందం దగ్గర. యూనిట్లలో చేతికందే సరుకు వంటగట్లకి కోసిన 18, 20 మిల్లీమీటర్ల పలక. మూడంగుళాలు కావాలంటే ఆ పలకలనే ఒకదానికొకటి ఎపాక్సీ జిగురుతో అంటించి, అంచులు మోల్డింగ్ కొట్టి, ఒకే రాయిలా పాలిష్ చేసి ఇస్తారు. నీడలో అది బాగానే ఉంటుంది. ఎండలో నల్ల రాయి పగలంతా కాగి రాత్రి చల్లారుతుంటే జాయింటు మెల్లగా విచ్చుకుంటుంది, వానకి నీరు దిగుతుంది. అడగాల్సిన మాట ఒక్కటే: బ్లాక్ నుంచి ఏకంగా కోసిన రాయి. అంచుని తడిపి పక్క వెలుగులో చూడండి. అతికిన గీత ఉంటే తడి ఆరేటప్పుడు సన్నగా బయటపడుతుంది. చుక్కలు కూడా చూడాలి, ఏకరాయిలో ముందు నుంచి పక్కకి తిరిగే చోట చుక్కల చిక్కదనం ఉన్నట్టుండి మారదు.

రెండో మోసం రంగు. గెలాక్సీ పేరుతో వేరే నల్ల రాయిని, లేదా బూడిద రంగు తేలిన రెండో రకం గెలాక్సీని, నల్ల డై పట్టించి నూనె రుద్ది అమ్మడం ఉంది. తెల్ల గుడ్డకి ఎసిటోన్ అద్ది వెనక వైపూ అంచుల్లోనూ గట్టిగా రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే రాయి వదిలేయండి. పగుళ్లు పూడ్చడానికి రెజిన్ పట్టించిన పలక ఇంట్లోకి ఫర్వాలేదు, బయట పెట్టే ఫలకానికి వద్దు. మామూలు ఎపాక్సీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పసుపు తిరుగుతుంది, నల్ల రాయి మీద మరకల్లా కనిపిస్తుంది.

కోతలో ఇక్కడి యూనిట్లని మెచ్చుకోవాల్సిందే. మూలలు లంబంగా వస్తాయి, పాలిష్ ఏకంగా ఉంటుంది, ఎగుమతి సరుకు చేసిన చేతులు కాబట్టి కొలతలో మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు మించి తేడా రాదు. అంచులు మాత్రం కత్తిలా వదలకుండా 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఏటవాలు తీయించుకోండి. లేకపోతే దించేటప్పుడే ఓ ముక్క ఎగిరిపోతుంది.

అక్షరాల దగ్గర కథ మారుతుంది. మూడు పద్ధతులున్నాయి. లేజర్ అయితే పాలిష్ పొర మీద సన్న చుక్కలు వేస్తుంది, ఫొటో బొమ్మకి బాగుంటుంది, కానీ లోతు మిల్లీమీటరులో చిన్న భాగం. లోపలి గోడకైతే సరే, బయట పేరుకి పనికిరాదు. చేతితో ఉలి పట్టి చెక్కే ఇంగ్లిష్ V ఆకారపు కోత అన్నిటికన్నా మేలైనది, చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. ఎక్కువగా దొరికేది శాండ్‌బ్లాస్టింగ్: రబ్బరు స్టెన్సిల్ అతికించి, ప్లాటర్‌తో అక్షరాలు కోసి, గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి రాయిని తొలుస్తారు. లోతు 2 మిల్లీమీటర్లకి తగ్గొద్దు, పేరు వరసకి 3 అడగండి. పొడిగా మామూలు ఇసుక వాడే యూనిట్‌కి పని ఇవ్వొద్దు. ఆ ఇసుక దుమ్ము పీల్చే పనివాళ్ల ఊపిరితిత్తులు సిలికోసిస్‌తో పోతాయి. అల్యూమినియం ఆక్సైడ్ వాడితే కోత కూడా శుభ్రంగా వస్తుంది.

తెలుగు ఇక్కడే తడబడుతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలకి 15 మిల్లీమీటర్ల ఎత్తు సరిపోతుంది, తెలుగుకి 25 లేనిదే ఒత్తులు నిలబడవు. స్టెన్సిల్‌లో థ చుక్క చుట్టూ ఉండే ఖాళీ, గుండ్రటి అక్షరాల మధ్య భాగాలూ చిన్న చిన్న రబ్బరు ముక్కలుగా ఉంటాయి. జిగురు చాలకపోతే గాలి దెబ్బకి అవి ఎగిరిపోయి అక్షరం మొత్తం గుంట పడుతుంది. రాయి మీద దిద్దుబాటు ఉండదు, ఆ పొర మొత్తం మళ్లీ గ్రైండ్ చేయాలి. 'లక్ష్మి'లాంటి పేర్లకి కింది ఒత్తూ, కింది వరస గుడీ కొట్టుకోకుండా వరసల మధ్య అక్షరం ఎత్తులో కనీసం ముప్పాతిక ఖాళీ ఉంచాలి. ఇంకో తిప్పలు ఫాంట్. డిజైన్ చేసే కుర్రాడు కోరల్‌డ్రాలో అనూ ఫాంట్లు వాడతాడు, మీరు వాట్సాప్‌లో పంపేది యూనికోడ్, రెండిటి కోడ్ వేరు. అతను అతికిస్తే ఒత్తులు పక్కకి పోతాయి, లేదా తనే చూసి టైప్ చేస్తాడు, చేస్తే సర్వీసు నంబర్లో ఒక అంకె మారుతుంది. మేటర్‌ని పీడీఎఫ్‌గా ఇచ్చి, అసలు సైజులో కాగితం మీదో ఫ్లెక్స్ మీదో ప్రింటు తీయించి, గోడకి అంటించి, ఆ కుటుంబంలో ఒకరూ, పేరు తెలియని బయటివాళ్లు ఒకరూ చదివాకే సంతకం పెట్టండి. స్టెన్సిల్ కోసేది ఆ సంతకం తర్వాతే.

అక్షరాల్లో బంగారు రంగు వేస్తామంటారు, కాదనండి. ఎండకీ ఉప్పుగాలికీ ఆ పెయింటు పొరలు పొరలుగా లేస్తుంది, సగం లేచిన అక్షరం అసలు రంగు లేనిదానికన్నా అధ్వాన్నం. తప్పదంటే అసలు బంగారు రేకు పట్టించాలి, ఖర్చు ఎక్కువ. గెలాక్సీలో చుక్కలే బంగారు రంగు, మళ్లీ అక్షరం కూడా అదే రంగైతే దూరం నుంచి కళ్లకి చిక్కదు.

ఇక రెండు మార్కులు వేసిన సంగతి. దుకాణం కంప్యూటర్లో సైనికుడి ఫలకానికి ఒక నమూనా సిద్ధంగా ఉంటుంది: పైన జెండా, పక్కన తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ మీద టోపీ, కింద 'శత్రువులతో వీరోచితంగా పోరాడి'. శిక్షణలో పోయినవాడికీ అదే పెట్టేస్తారు. పేరూ తేదీ మారుస్తారంతే. నమూనా బాగుందని కుటుంబం కూడా తల ఊపుతుంది. పదేళ్లకి ఎవరో రికార్డు చూసి అది యుద్ధం కాదంటే, ఆ మాట వినాల్సింది తల్లిదండ్రులే. సైన్యం రికార్డుల్లో బ్యాటిల్ క్యాజువాల్టీ (పోరు వల్ల) వేరు, ఫిజికల్ క్యాజువాల్టీ (మిగతా కారణాల వల్ల) వేరు. శిక్షణ ప్రమాదాలు చాలావరకు రెండో దాంట్లో పడతాయి. రాయి మీది మాట ఆ కాగితంతో పొసగాలి.

హైలాండ్స్ ఈ విషయంలో రెండు పాఠాలు చూపిస్తుంది, రెండూ ఒకదానికొకటి ఎదురు. 1942లో అక్నాకారీ అనే చోట, కామెరాన్ వంశపు కోటలో, కమాండో శిక్షణ కేంద్రం పెట్టారు. చార్లెస్ వాన్ దాని కమాండెంట్. బ్రిటిష్‌వాళ్లతో పాటు ఫ్రెంచ్, బెల్జియన్, నార్వేజియన్, అమెరికన్ రేంజర్లు, దాదాపు 25 వేల మంది అక్కడ తయారయ్యారు. స్పీన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో రైలు దిగగానే సామాను వీపున వేసుకుని ఏడు మైళ్లు నడిచి కేంద్రానికి చేరాలి. గేటు దాటి లోపలికి వెళ్లే దారి పక్కన సమాధుల వరస, ఒక్కోదాని మీద బోర్డు: వీడు కొండ అంచు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడి కనపడ్డాడు, వీడు తీరం దిగేటప్పుడు మరుగు తీసుకోలేదు. ఆ సమాధుల్లో ఎవరూ లేరు, కొత్తవాళ్లని హడలగొట్టడానికి కట్టిన ఉత్తుత్తివి. నిజంగా చనిపోయినవాళ్లూ ఉన్నారు. లాక్ లోకీ సరస్సు మీద రాత్రిపూట పడవల్లో తీరం దిగే అభ్యాసంలో అసలు గుళ్లే పేల్చేవారు, అర్కెయిగ్ నది మీద తాళ్లు కట్టి దాటించేవారు, చలికీ తడికీ సెలవు లేదు.

కామన్వెల్త్ కమిషన్ రాళ్లు ఇంకో దారి. 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 లోపు సర్వీసులో ఉండగా పోతే చాలు, గుండు తగిలి పోయినా, శిక్షణలో మునిగి పోయినా, జ్వరంతో పోయినా ఒకే కొలత రాయి. హోదా బట్టి ఎత్తూ మారదు. రాయి మీద బ్యాడ్జి, నంబరు, హోదా, పేరు, దళం, తేదీ, వయసు, అడుగున కుటుంబం ఇచ్చే మాటకి కొద్దిగా చోటు. ఎలా పోయాడో మాత్రం ఉండదు. అంటే కారణాలు రాసింది ఉత్తుత్తి సమాధుల మీద, అసలు సమాధుల మీద లేవు.

యుద్ధకాలంలో వేలల్లో రాళ్లు వేసేటప్పుడు ఆ పద్ధతి న్యాయమే. ఊళ్లో ఒక్క రాయి నిలబెట్టేటప్పుడు కారణం ఒక్క వరస ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం. పొగడ్తా తప్పుపట్టడమూ లేకుండా: 'ఈత శిక్షణలో', 'ఫైరింగ్ రేంజ్ ప్రమాదంలో', 'పరుగు శిక్షణలో వడదెబ్బకి'. చదివేవాళ్లలో రిక్రూట్‌మెంట్ ర్యాలీకి 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లే ఎక్కువ. మే నెలలో ఎండెక్కాక తారురోడ్డు మీద పరిగెత్తేది కూడా వాళ్లే. వరసల క్రమం ఇలా పెట్టించండి: సర్వీసు నంబరు, హోదా, పెద్దక్షరాల్లో పేరు, దళం, పుట్టిన తేదీ, పోయిన తేదీ, పోయిన చోటు, కారణం, అడుగున ఇంటివాళ్ల మాట. కాపీ కొట్టాల్సింది దళం రికార్డ్ ఆఫీసు ఉత్తరాన్ని, ఫ్లెక్సీ బ్యానర్‌ని కాదు. అనుమానం ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించుకోండి. వరసలు ఇవి దాటి పెరిగితే అక్షరం చిన్నదవుతుంది, కాబట్టి ప్రారంభోత్సవం చేసిన నాయకుల పేర్లకి వేరే పలక పెట్టమనండి. ఈ మాట దుకాణానికి సంతోషమే, రెండో రాయి అమ్ముడవుతుంది.

నిలబెట్టడం యూనిట్ పని కాదు, మేస్త్రీ పని. పాడయ్యేవి ఎక్కువ ఇక్కడే. నల్లరేగడిలో పైపైన దిమ్మె కడితే రెండు వానాకాలాలకి రాయి ఒరుగుతుంది, ఎందుకంటే ఆ మన్ను తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోతుంది. మూడడుగులు తవ్వి, అడుగున ఇసుక నింపి, 4 అంగుళాల కాంక్రీటు మీద ఇనుప చువ్వల దిమ్మె వేయాలి. రాయిని దిమ్మెకి పట్టి ఉంచే కడ్డీలు మామూలు ఇనుమువి అయితే తుప్పు పట్టి లావై రాయినే అడుగు నుంచి చీలుస్తాయి. 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీలు రెండు, తీరం దగ్గరైతే 316 రకం, ఒక్కోటి రాయిలోకి 4 అంగుళాలు. రాయికీ సిమెంటుకీ నేరుగా సంబంధం వద్దు. సిమెంటులోని లవణాలు తడితో పైకి పాకి అడుగున తెల్లటి పూతలా పూస్తాయి, నల్ల రాయి మీద అది దాగదు. మధ్యలో పలచటి నీటి నిరోధక పొర వేసి, చుట్టూ 5 మిల్లీమీటర్ల సందులో గ్రానైట్‌కి మరక పట్టని న్యూట్రల్ సిలికాన్ నింపండి.

తర్వాత కడగడం. పశ్చిమ మండలాల బోరు నీళ్లతో కడిగి ఆరనిస్తే తెల్ల చారలు మిగులుతాయి. ఆ చారలు పోవాలని బాత్రూం యాసిడ్ పోస్తే పాలిష్ పోతుంది, ఇక ఏమీ చేయలేం. ఆర్వో నీళ్లు, మెత్తటి గుడ్డ, వెంటనే తుడవడం. పసుపు, కుంకుమ, నూనె, పాలు రాయి మీద వద్దంటే మన ఊళ్లో ఎవరూ వినరు, వినాలని అనుకోవడమూ లేదు. పాలిష్ మీద పడింది తుడిస్తే పోతుంది గానీ చెక్కిన అక్షరంలో పాలిష్ ఉండదు, నూనె అక్కడ ఇంకి నల్లబడి, లేత బూడిద అక్షరం కనపడకుండా పోతుంది. ముందు రెండడుగుల దూరంలో అడుగు ఎత్తున చిన్న దిమ్మె ఒకటి కట్టి దీపానికీ కొబ్బరికాయకీ అదే చోటని చూపిస్తే గొడవ తీరుతుంది. నూనె తగలకముందే చెక్కిన భాగానికి రాయిలోకి ఇంకే సిలేన్ రకం సీలర్ ఒకసారి పట్టించండి, పైపూత రకం వద్దు, అది పొరలా లేస్తుంది.

ధర చదరపడుగు లెక్కన రాయికి, అక్షరం లెక్కన చెక్కడానికి విడివిడిగా చెబుతారు. తెలుగులో ఒత్తుని విడి అక్షరంగా లెక్కపెట్టే చోట్లున్నాయి, ముందే తేల్చుకోండి. అడ్వాన్సు సగం మించి ఇవ్వకండి. మిగతాది చెల్లించే ముందు యూనిట్‌లోనే రాయిని నిలబెట్టించి, పక్క నుంచి టార్చి వేసి ప్రతి అక్షరం అడుగు చూడండి. ఎసిటోన్ గుడ్డ, కొలత టేపు, సంతకం పెట్టిన ప్రింటు చేతిలో ఉండాలి. నంబరు అంకె అంకెగా ఒకరు చదవాలి, ఇంకొకరు రాయి మీద వేలు పెట్టి చూడాలి. ఎక్కించేటప్పుడు పడుకోబెట్టనివ్వకండి. ట్రక్కులో ఇంగ్లిష్ A ఆకారపు స్టాండు మీద నిలువుగా, కింద రబ్బరు, మధ్యలో థర్మాకోల్ పెట్టి తాళ్లు బిగించాలి. చీమకుర్తి నుంచి కావలి, నెల్లూరు దాకా హైవే బాగానే ఉంటుంది, రాయి విరిగేది చివర ఊళ్లోకి తిరిగే గుంతల దారిలో.